వంటింటి గూట్లో గాలికి దారి

కొత్త ఫ్లాట్‌లో చేరిన తొలి వేసవిలో చాలా ఇళ్లవాళ్లు సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి చెప్పే మాట ఒకటే: "ఫ్రిజ్ పక్కలు చెయ్యి పెట్టనివ్వడం లేదు, మోటారు ఆగకుండా తిరుగుతోంది." మెకానిక్ వచ్చి ఫ్రిజ్‌ను చెక్క గూట్లోంచి అడుగు మేర బయటికి లాగుతాడు. ఓ పూట అలాగే ఉంచి చూడమంటాడు. సాయంత్రానికి మోటారు మామూలుగా ఆగుతూ తిరుగుతూ ఉంటే ఇక విప్పి చూడాల్సింది ఏమీ లేనట్టే. తప్పు గూడుది.

మాడ్యులర్ కిచెన్ వచ్చాక వంటింట్లో ప్రతి వస్తువుకూ ఒక అర, ప్రతి అరకూ ఒక తలుపు వచ్చాయి. ఫ్రిజ్, ఒవెన్, మైక్రోవేవ్, హాబ్, డిష్‌వాషర్, ఆఖరికి గ్యాస్ సిలిండర్ కూడా ప్లైవుడ్ చాటుకు చేరాయి. చూడ్డానికి బాగుంటుంది, తుడుచుకోవడం తేలిక. అయితే ఇవన్నీ వేడినో, ఆవిరినో, ఒక్కోసారి గ్యాస్‌నో వదిలే వస్తువులు. వాటి చుట్టూ ఎంత ఖాళీ ఉండాలి, గాలి ఏ దారిన రావాలి, ఏ దారిన పోవాలి అన్నది చాలా డ్రాయింగుల్లో కనిపించదు. ఈ విషయంలో కంపెనీల మాన్యువల్స్ ఏమంటున్నాయి, భౌతికశాస్త్రం ఏమంటోంది, భవన నియమావళి ఏమంటోంది, మన ఇళ్లలో నిజంగా జరుగుతున్నదేమిటి అన్నవి పక్కపక్కన పెట్టి చూస్తే తేలే సంగతులు ఇవి.

తోడి పోసిన వేడి

ఫ్రిజ్ చలిని తయారు చెయ్యదు. లోపలి వేడిని తోడి బయట పోస్తుంది. తోడటానికి ఖర్చైన కరెంటు కూడా చివరికి వేడిగానే బయటపడుతుంది. కంప్రెసర్ 60 వాట్లు తీసుకుంటూ లోపలినుంచి 90 వాట్ల వేడిని లాగుతోందనుకుంటే గూట్లోకి వచ్చి పడేది 150 వాట్లు. ఈ వేడిని వదిలే గొట్టం చుట్టను కండెన్సర్ అంటారు. పాత ఫ్రిజ్‌లకు అది వెనకవైపు నల్లటి జాలీలా కనబడేది. ఇప్పటి మోడళ్లలో చాలావాటికి పక్క రేకుల లోపల దాగి ఉంటుంది. కనక పక్కలు వేడెక్కడం జబ్బు కాదు, ఆ రేకుల పనే అది. ఆ రేకులకు ప్లైవుడ్ ఆనించి కట్టినప్పుడే జబ్బు మొదలవుతుంది.

కండెన్సర్ తన వేడిని వదల్లేకపోతే లోపలి గ్యాస్ ఒత్తిడి పెరుగుతుంది. అంత ఒత్తిడికి ఎదురు నెట్టాలంటే కంప్రెసర్ ఎక్కువ కరెంటు తీసుకోవాలి, ఎక్కువసేపు తిరగాలి. ఎక్కువసేపు తిరిగితే గూడు ఇంకా వేడెక్కుతుంది. ఒక స్థాయి దాటాక రక్షణ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన పాలు విరిగిపోవడానికి, కరెంటు బిల్లు పెరగడానికి, మూడో వేసవికే కంప్రెసర్ మార్చాల్సి రావడానికి ఈ ఒక్క చక్రమే కారణం కావచ్చు.

ఫ్రిజ్, మాడ్యులర్ కిచెన్ ఈ రెంటి చరిత్ర చూస్తే తగువు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. ఇవాళ్టి మాడ్యులర్ కిచెన్లకు మూలంగా చెప్పుకునే వంటగదిని 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ కోసం మార్గరెటే ష్యూటె-లిహోట్స్కీ అనే వాస్తుశిల్పి రూపొందించారు. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవున్న ఆ గదిలో ప్రతి డబ్బాకూ చోటు ఉంది, ఫ్రిజ్ మాత్రం లేదు. మరుసటి ఏడాది, 1927లో, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 'మానిటర్ టాప్' ఫ్రిజ్ తెచ్చింది. దాని కంప్రెసర్, కండెన్సర్ పెట్టె నెత్తిన గుండ్రటి టోపీలా పూర్తిగా గాలిలోనే ఉండేవి. అమర్చిన వంటగదీ, ఫ్రిజ్జూ వేర్వేరు చోట్ల విడివిడిగా పెరిగాయి. ఒకదాని కడుపులో మరొకటి ఇమడాల్సి వచ్చేసరికి గాలి సమస్య వచ్చింది.

మన ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. ఫ్రిజ్ లోపలి స్టిక్కర్ మీద వాతావరణ తరగతి రాసి ఉంటుంది. 'ఎన్' తరగతి ఫ్రిజ్ 32 డిగ్రీల గదివరకు, 'ఎస్‌టీ' 38 డిగ్రీలవరకు, 'టీ' 43 డిగ్రీలవరకు పనిచేసేలా తయారవుతాయి. రెంటచింతలలో, రామగుండంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. అదీ బయటి నీడలో కొలిచిన లెక్క. గూట్లో గాలి గదిలోని గాలికంటే ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. అంటే 38 డిగ్రీల వంటింట్లో కూడా మూసిన గూటిలోని ఫ్రిజ్ తన హద్దు దాటిన ఎండలో నిలబడ్డట్టే.

రెండు వందల చదరపు సెంటీమీటర్లు

అలమారులో అమర్చడానికే తయారైన ఫ్రిజ్‌ల యూరప్ కంపెనీల మాన్యువల్స్‌లో ఒక అంకె తరచూ కనిపిస్తుంది: గాలి వచ్చే కంత, పోయే కంత, రెండూ కనీసం 200 చదరపు సెంటీమీటర్లు ఉండాలి. కింద స్కర్టింగ్ పలకలో జాలీ ద్వారా గాలి లోపలికి వస్తుంది, వెనక నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీలో పైకి లేస్తుంది, అలమారు నెత్తిమీదుగా బయటపడుతుంది. 200 చదరపు సెంటీమీటర్లంటే యాభై సెంటీమీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చీలిక.

ఈ అంకె ఎక్కడిదో లెక్క కట్టి చూడవచ్చు. 150 వాట్ల వేడిని పదంటే పది డిగ్రీల పెరుగుదలతో మోసుకుపోవాలంటే సెకనుకు సుమారు 12 లీటర్ల గాలి కావాలి. 200 చదరపు సెంటీమీటర్ల కంతలోంచి అంత గాలి పోవాలంటే వేగం సెకనుకు అరమీటరు పైచిలుకు ఉండాలి. ఆ గాలిని నెట్టే ఫ్యాన్ చాలా గూళ్లలో ఉండదు. వేడి గాలి తేలిక కాబట్టి తనంతట తను పైకి లేస్తుంది, అంతే. రెండు మీటర్ల ఎత్తు గూట్లో పది డిగ్రీల తేడాకు పుట్టే ఒత్తిడి ఒక పాస్కల్‌కు కూడా లోపే. బల్లమీద పరిచిన ఒక తెల్ల కాగితం ఆ బల్లమీద మోపే బరువు కూడా దాదాపు అంతే ఒత్తిడి. యంత్రాన్ని బతికించే గాలిని నడిపే బలం అంత సున్నితమైనది. అందుకే మలుపు ఇరుకైనా, జాలీకి దుమ్ము పట్టినా, పైకంత మీద ఒక పళ్లెం బోర్లించినా ప్రవాహం నిలిచిపోతుంది.

జాలీ కొనేటప్పుడు ఈ లెక్క గుర్తుండాలి. జాలీ బయటి కొలత వేరు, అందులో నిజంగా గాలి దూరే ఖాళీ వేరు. సగం లోహం, సగం ఖాళీ అయిన జాలీ 400 చదరపు సెంటీమీటర్లుంటే తప్ప 200 చదరపు సెంటీమీటర్ల దారి దొరకదు.

అయితే మన ఇళ్లలో అలమారులో కనిపించే ఫ్రిజ్‌లు ఎక్కువగా ఈ జాతివి కావు. విడిగా నిలబెట్టుకోవడానికి తయారైన మామూలు ఫ్రిజ్ కొని, దాని చుట్టూ కార్పెంటర్ చేత గూడు కట్టిస్తాం. బిల్ట్-ఇన్ ఫ్రిజ్ తన గాలి దారిని ముందే నిర్ణయించుకుని వస్తుంది. మామూలు ఫ్రిజ్ నాలుగు వైపులా గది ఉందని నమ్మి తయారవుతుంది. దాని మాన్యువల్ సాధారణంగా పక్కలకు ఐదు సెంటీమీటర్ల చుట్టూ, వెనక ఐదు నుంచి పది, పైన పదో అంతకు మించో ఖాళీ అడుగుతుంది. మోడల్‌ను బట్టి ఈ కొలతలు మారతాయి కాబట్టి ఫ్రిజ్ కొన్నాకే గూడు కొలతలు ఖాయం చేసుకోవాలి. మన దగ్గర తరచూ ముందు గూడు కడతారు, తర్వాత అందులో పట్టే ఫ్రిజ్ వెతుకుతారు. ఆ వరుస తిరగబడాలి. కొన్ని మోడళ్లకు కండెన్సర్ గాలి అడుగు భాగంనుంచే ముందుకు వస్తుంది, వాటికి పక్క ఖాళీ తక్కువ చాలు. అలాంటి ఫ్రిజ్ ముందు కింది జాలీకి అడ్డంగా స్కర్టింగ్ బిగించారంటే ముక్కు మూసినట్టే.

గాలి ఆడకపోతే వేడితోపాటు తేమ కూడా నిలుస్తుంది. ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్‌లో కరిగిన మంచునీరు వెనక కంప్రెసర్ దగ్గరున్న పళ్లెంలో పడి, ఆ వేడికే ఆవిరవుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంత ఊళ్లలో గాలిలోనే తేమ ఎక్కువ. ఆ ఆవిరికి పోయే దారి లేకపోతే ప్లై అంచులు ఉబ్బుతాయి, లామినేట్ లేస్తుంది, రేకు తుప్పు పడుతుంది.

భద్రత కూడా ఇందులో ఉంది. ఓజోన్ పొరను కాపాడే 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత పాత శీతలీకరణ గ్యాస్‌లు క్రమంగా పోయాయి. ఇప్పుడు ఇంటి ఫ్రిజ్‌లలో బాగా వాడేది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్. వాతావరణానికి చేసే చేటు చాలా తక్కువ, కానీ మండే గుణం ఉంది. ఇంటి ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములే కాబట్టి గాలి ఆడే చోట భయం లేదు. గాలి కంతలను మూయవద్దని ప్రతి మాన్యువల్‌లోనూ హెచ్చరిక ఉండటానికి ఇదీ ఒక కారణం.

ఒవెన్, మైక్రోవేవ్

బిల్ట్-ఇన్ ఒవెన్ లోపల 250 డిగ్రీలు ఉంటే, దాని చుట్టూ ఉన్న చెక్క మాత్రం చెక్కగానే మిగలాలి. అందుకే దాని ఒంట్లో చల్లబరిచే ఫ్యాన్ ఒకటి ఉంటుంది. అది అలమారులోని గాలిని లాక్కుని, ఒవెన్ ఒంటి చుట్టూ తిప్పి, తలుపు పైసందులోంచి ముందుకు ఊదుతుంది. లాక్కోవడానికి గాలి రావాలంటే గూటి వెనక పలక ఉండకూడదు, ఉన్నా పెద్ద కంత కోసి ఉండాలి. ఒవెన్ కూర్చునే అర వెనక అంచు గోడకు తగలకుండా నాలుగైదు సెంటీమీటర్లు వదలాలి. టాల్ యూనిట్‌లో కింద ఒవెన్, పైన మైక్రోవేవ్ పెట్టినప్పుడు ఈ సందు కిందనుంచి పైదాకా తెగకుండా సాగాలి. చుట్టూ వాడే చెక్క, జిగురు, లామినేట్ 90 డిగ్రీల వేడికి తట్టుకోవాలని చాలా మాన్యువల్స్ అడుగుతాయి. పీవీసీ పొర అతికించిన తలుపులు ఒవెన్ పక్కన ముందుగా లేచిపోవడానికి కారణం ఇదే.

ఇక్కడ మన ఇళ్లలో జరిగే ఒక పొరపాటు ఉంది. బేకింగ్ కాగానే పొదుపు కోసం, జాగ్రత్త కోసం గోడమీది మెయిన్ స్విచ్ ఆపేస్తాం. ఒవెన్ ఆగాక కూడా కాసేపు ఆ ఫ్యాన్ తిరగాలి. అది ఆగిపోతే లోపల నిలవున్న వేడంతా పైనున్న ఎలక్ట్రానిక్ పలకను కాల్చుకు తింటుంది. ఫ్యాన్ చప్పుడు తనంతట ఆగేదాకా స్విచ్ ముట్టకపోవడం ఖర్చులేని రక్షణ.

మైక్రోవేవ్ వేడి వేరే రకం. ఆహారానికి 800 వాట్లు అందించే యంత్రం కరెంటు సుమారు 1200 వాట్లు తీసుకుంటుంది. మిగిలిన 400 వాట్లూ దాని ఒంట్లోనే వేడిగా మారతాయి. ఫ్యాన్ దాన్ని, ఆహారపు ఆవిరితో కలిపి, వెనకనుంచో పక్కనుంచో బయటికి తోస్తుంది. గట్టుమీద పెట్టుకునే మైక్రోవేవ్‌ను తలుపున్న అరలో పెట్టడం మాన్యువల్స్ ఒప్పుకోని పని. అలమారులో కావాలంటే అందుకని తయారైన మోడల్ కొనాలి, లేదా ఆ కంపెనీయే ఇచ్చే అంచుచట్రం వాడాలి. ఓటీజీలకూ, ఎయిర్ ఫ్రయర్లకూ ఇంకా గట్టిగా చెప్పాలి. ఓటీజీ రేకు ఒళ్లంతా కాలుతుంది, ఎయిర్ ఫ్రయర్ వెనకనుంచి వేడి గాలి చిమ్ముతుంది. వీటికి గట్టే చోటు, అలమారు కాదు. అక్కడా గోడకు జానెడు దూరం జరిపి, పై అలమారు కిందినుంచి ముందుకు లాగి వాడుకోవాలి.

డిష్‌వాషర్ గురించి చెప్పాల్సింది తక్కువ. దానికి గాలి దారి పెద్దగా అక్కర్లేదు. కడగడం పూర్తయ్యాక తలుపు తెరిచినప్పుడు వచ్చే ఆవిరి గట్టు అడుగుకు తగులుతుంది. దానితో ఇచ్చే ఆవిరి నిరోధక పట్టీని గట్టు కింద అతికిస్తే సరిపోతుంది.

మంటకూ ఊపిరి కావాలి

గ్యాస్ పొయ్యి దగ్గర గాలి ప్రశ్న ప్రాణాలకు సంబంధించినది. ఒక పాలు ప్రొపేన్ పూర్తిగా కాలడానికి దాదాపు 24 పాళ్లు, ఒక పాలు బ్యూటేన్‌కు 31 పాళ్లు గాలి కావాలి. గట్టులో దింపిన హాబ్‌లలో చాలావరకు ఈ గాలిలో కొంత భాగాన్ని కిందనుంచి, అంటే అలమారు లోపలినుంచి, తీసుకుంటాయి. ఆ అలమారును గట్టిగా మూస్తే నీలం మంట పసుపుగా మారుతుంది, గిన్నెల అడుగున మసి పడుతుంది, విషపూరితమైన కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. గిన్నెకు మసి పడుతోందని కొత్త బర్నర్ కొనేముందు హాబ్ కింది తలుపు తెరిచి మంట రంగు చూడటం మంచిది.

సిలిండర్‌ను అరలో దాచే ఆచారం ఇంకా ప్రమాదం. వంట గ్యాస్ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే నేలమీద పరుచుకుంటుంది. గాలిలో రెండు శాతం చేరితే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. అందులో కలిపే మెర్‌కాప్టన్ వాసన మనల్ని హెచ్చరించడానికే, కానీ మూసిన తలుపు ఆ హెచ్చరికను కూడా లోపలే ఆపేస్తుంది. సిలిండర్ బయట, గాలాడే చోట ఉండటమే మంచిది. అర తప్పదనుకుంటే తలుపుకు నేలమట్టంలోనూ పైనా జాలీలు ఉండాలి, లోపల ఏ స్విచ్చూ సాకెట్టూ ఉండకూడదు. హైదరాబాద్, విజయవాడ వంటి చోట్ల పైపు గ్యాస్ వాడే ఇళ్లకు లెక్క తిరగబడుతుంది. అది మీథేన్, గాలికంటే తేలిక, పైకి చేరుతుంది. అక్కడ పై జాలీ ముఖ్యం.

ఇండక్షన్ హాబ్‌కు మంట లేకపోయినా ఫ్యాన్ ఉంది. అది కిందనుంచి గాలి పీల్చి తన సర్క్యూట్లను చల్లబరుచుకుంటుంది. కింది డ్రాయర్‌లో టిష్యూ కాగితాలు, అల్యూమినియం ఫాయిల్, సన్నటి కవర్లు ఉంటే ఆ పీల్పుకు అడ్డం పడతాయి. హాబ్ మాటిమాటికీ ఆగిపోవడానికి ఇది ఒక కారణం.

చిమ్నీ లాగిన గాలి ఎక్కడినుంచి రావాలి?

గూళ్లనుంచి వచ్చిన వేడంతా చివరికి గదిలోకే చేరుతుంది. కనక గదికే గాలి లేకపోతే పై ఏర్పాట్లన్నీ సగం పనే. చిమ్నీ మీద గంటకు 1000 ఘనమీటర్లు లాగుతుందని రాసి ఉంటుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న వంటింట్లో మొత్తం గాలి 28 ఘనమీటర్లు. ఆ అంకె నిజమైతే రెండు నిమిషాల్లోపే గది ఖాళీ కావాలి. కిటికీలు మూసి ఏసీ వేసిన ఇంట్లో అంత గాలి వచ్చే దారి లేదు, కాబట్టి చిమ్నీ శబ్దం చేస్తుంది తప్ప పొగ లాగదు. ఎక్కడో ఒక కిటికీ రెక్క తెరవాలి, అదీ పొయ్యికి ఎదురుగాలి తగలని చోట.

గొట్టం సంగతి కూడా అంతే. 15 సెంటీమీటర్ల గొట్టం అడిగిన చిమ్నీకి గోడలో కంత చిన్నదని పది సెంటీమీటర్ల గొట్టం తొడిగితే దారి సగానికంటే తక్కువకు పడిపోతుంది. ప్రతి మలుపూ ఇంకొంత తినేస్తుంది. గొట్టమే లేకుండా బొగ్గు ఫిల్టర్‌తో వడకట్టి గదిలోకే వదిలే రకం నూనెనూ కొంత వాసననూ పడుతుంది. వేడిని, తేమను, కార్బన్ మోనాక్సైడ్‌ను బయటికి పంపలేదు. మిరపకాయల పోపు, చేపల వేపుడు రోజూ ఉండే ఇంటికి బయటికి గొట్టం ఉన్న చిమ్నీయే తగినది. అది కుదరని ఇంట్లో మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ దానికంటే మేలు.

2016 నాటి జాతీయ భవన నియమావళి వంటగదికి కనీసం 5 చదరపు మీటర్ల వైశాల్యం, 1.8 మీటర్ల వెడల్పు చెబుతుంది. కిటికీలు, వెంటిలేటర్లు కలిసి నేల వైశాల్యంలో పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు, తేమ వేడి ప్రాంతాల్లో ఆరో వంతు ఉండాలంటుంది. తీరాంధ్రలో వంద చదరపుటడుగుల వంటింటికి అంటే పదహారు పదిహేడు చదరపుటడుగులు. యుటిలిటీ బాల్కనీని అద్దాలతో మూసేసినప్పుడు మనం పోగొట్టుకునేది ఆ అడుగులనే. పాత పెంకుటిళ్లలో వంటింటి కప్పులో పొగ పోవడానికి కంత వదిలేవారు. ఆ కంత చదువుకున్న ఇంజినీరు చెప్పింది కాదు, పొయ్యి ముందు కూర్చున్న వాళ్ల కళ్లు చెప్పింది.

అభ్యంతరాలు, జవాబులు

కంతలు వదలొద్దనేవాళ్ల కారణాలు కొట్టిపారేసేవి కావు. బొద్దింకలు, బల్లులు, ఎలుకలు దూరుతాయని ఇంటివాళ్ల భయం. నిజానికి గాలాడని వెచ్చటి తడి గూడే బొద్దింకకు ఇష్టమైన చోటు. స్టీలు మెష్ బిగిస్తే పురుగు ఆగుతుంది. మెష్ గాలిని కొంత ఆపుతుంది కాబట్టి కంత ఆ మేరకు పెద్దది చేసుకోవాలి. పోపు నూనె, దుమ్ము కలిసి దాన్ని మూసేస్తాయి కాబట్టి విప్పి కడగడానికి వీలుగా స్క్రూలతో బిగించాలి.

జాలీ కనిపిస్తే అందం పోతుందని డిజైనర్లంటారు. స్కర్టింగ్‌లో చీలిక కాళ్ల దగ్గర ఉంటుంది, నెత్తిమీది చీలిక కంటికి పైన ఉంటుంది. రెండూ కనిపించవు. లాఫ్ట్ కట్టిన ఇళ్లలో మాత్రం పైదారి లాఫ్ట్‌లోకే తెరుచుకుని, పండగ గిన్నెల మధ్య ఆగిపోతుంది. అక్కడ వెనక గోడవెంట ఒక నిలువు సందు పైకప్పుదాకా వదిలి, లాఫ్ట్ ముందు పలక పైభాగంలో జాలీ పెట్టాలి. చిన్న ఫ్యాన్ బిగిస్తే చాలదా అన్నది ఇంకో వాదన. కోసిన కంతకు ఫ్యాన్ తోడైతే మంచిదే. కంత లేని పెట్టెలో ఫ్యాన్ వేడి గాలినే కలియబెడుతుంది. పైగా అది ఆగిపోయిన రోజు మనకు తెలియదు. దారి తనంతట పనిచేయాలి, ఫ్యాన్ అదనం కావాలి.

ఇప్పటికే కట్టించుకున్నవాళ్లు నిరాశ పడక్కర్లేదు. ఒక మామూలు గది థర్మామీటరు గూటి పైభాగంలో గంటసేపు ఉంచి, అదే గదిలో విడిగా కొలిచి చూడండి. తేడా పది డిగ్రీలు దాటితే దారి చాలడం లేదని అర్థం. కార్పెంటర్‌ను పిలిపించి వెనక పలక తీయించడం, స్కర్టింగ్‌లో చీలిక కోయించడం, పై పలకలో వెనక అంచున మరో చీలిక కోయించడం ఒక పూట పని. ఫ్రిజ్ నెత్తిన పెట్టిన స్టెబిలైజర్‌ను, సంచులను అక్కణ్నుంచి తీయడం ఐదు నిమిషాల పని. సంక్రాంతికి ముందు బూజు దులిపే రోజున ఈ జాలీలను కూడా విప్పి కడిగితే ఎండలు మొదలయ్యేసరికి యంత్రాలు సిద్ధంగా ఉంటాయి.

ఇంతా చూశాక నాకు తేలింది ఇది. ఈ విషయంలో జ్ఞానం కొరత లేదు. కొలతలు మాన్యువల్స్‌లో ఉన్నాయి, నియమాలు పుస్తకంలో ఉన్నాయి, కారణాలు హైస్కూలు భౌతికశాస్త్రంలోనే ఉన్నాయి. అవి డ్రాయింగ్ మీదికి చేరడం లేదు. కొత్త వంటిల్లు కట్టించుకునేవాళ్లు ఆ కాగితం మీద సరే అనేముందు ప్రతి యంత్రం పక్కనా రెండు బాణాలు గీయమని అడగండి. గాలి వచ్చే దారికి ఒకటి, పోయే దారికి ఒకటి. ఆ రెండు బాణాలూ లేని గూట్లో ఏ యంత్రాన్నీ పెట్టించకండి.